చివర మిగిలిందే తన జీతం

సొంత దుకాణం నడిపేవాళ్ల లెక్కల్లో యజమానికి జీతం అనే పద్దు ఉండదు. గుమాస్తా జీతం ఉంటుంది, మడిగె అద్దె ఉంటుంది, కరెంటు బిల్లు, హమాలీ, బ్యాంకు వడ్డీ ఉంటాయి. దేవుడి పటానికి రోజూ వేసే పూలదండ ఖర్చు కూడా రాస్తాం. యజమాని గల్లా పెట్టెలోంచి ఇంటికి పట్టుకెళ్లిన డబ్బు మాత్రం ఖర్చుల్లోకి రాదు. 'సొంత వాడకం' అని పెట్టుబడి ఖాతాలో తీసివేత చూపిస్తాం. పొద్దున్నుంచి రాత్రి దాకా నా దుకాణంలో నేనే కూర్చున్నాను కాబట్టి నాకింత జీతం రాసుకుంటానంటే ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకోదు. అందరికీ ఇవ్వాల్సింది ఇచ్చాక ఏమైనా మిగిలితే అది ఆయనది. మిగలకపోతే ఆ లోటూ ఆయనదే.

సికింద్రాబాద్‌లో రాష్ట్రపతి రోడ్డు నుంచి రాణిగంజ్ వైపు వెళ్లే ఒక సందులో, హార్డ్‌వేర్ దుకాణం మీది గదిలో కూర్చుని ఈ పద్దులు రాయడం నా వృత్తి. బేరింగులు, వాల్వులు, మోటారు పంపుల విడిభాగాలు అమ్మేవాళ్లు, జనరల్ బజార్ బట్టల దుకాణాలవాళ్లు, బాలానగర్‌లో లేత్ మిషన్లు పెట్టుకున్నవాళ్లు నా దగ్గర లెక్కలు రాయించుకుంటారు. వయసులో పెద్దవాళ్లు 'అమ్మా' అంటారు, కుర్రవాళ్లు 'మేడమ్' అంటారు. లాభం వచ్చిన ఏడాది స్వీటు డబ్బాతో తామే వస్తారు. రాని ఏడాది పనివాడి చేత ఫైలు పంపిస్తారు.

ఇన్నేళ్ల జమాఖర్చులు చూశాక, వ్యాపారం పెట్టిన మనిషిని దేన్ని బట్టి గుర్తుపట్టాలో నాకు ఒక నమ్మకం కుదిరింది. డబ్బు చేతికందే వరుసలో అందరికంటే చివర నిలబడటానికి ఒప్పుకున్న మనిషి ఎవరో చూడాలి. ఆలోచన, ధైర్యం, తెలివి అన్నీ కావలసినవే. కానీ అవి ఉద్యోగం చేసేవాళ్లకూ ఉంటాయి, చాలాసార్లు యజమానికంటే ఎక్కువే ఉంటాయి. ఆ చివరి చోటు మాత్రం వాళ్లకు ఉండదు, ఉండకూడదు కూడా.

ఈ మాట నాకంటే చాలా ముందే ఒకాయన చెప్పాడు. రిచర్డ్ కాంటిలాన్ ఐర్లండ్‌లో పుట్టి పారిస్‌లో బ్యాంకు నడిపినవాడు. ఆయన పోయాక 1755లో అచ్చయిన ఆర్థిక గ్రంథంలో మనుషుల్ని రెండు రకాలుగా చూశాడు. తనకు ఇంత వస్తుందని ముందే తెలిసినవాళ్లు ఒకరు, తెలియకుండానే బతికేవాళ్లు ఇంకొకరు. వర్తకుడికి సరుకు కొనేటప్పుడు ధర తెలుసు, అది ఎంతకు పోతుందో తెలియదు. ఆ లెక్కన బిచ్చగాళ్లనూ దొంగలనూ కూడా ఆయన రెండో రకంలోనే వేశాడు. 1921లో ఫ్రాంక్ నైట్ అనే అమెరికన్ ఆర్థికవేత్త దీన్ని ఇంకాస్త తేటపరిచాడు. కొన్ని ఆపదలను లెక్కగట్టవచ్చు, వాటికి బీమా దొరుకుతుంది. కొన్నింటికి లెక్క అందదు, అసలైన లాభనష్టాలు పుట్టేది అక్కడే అన్నాడు. రాణిగంజ్‌లో దుకాణానికి నిప్పంటుకుంటే నష్టం ఇచ్చే పాలసీ కొనుక్కోవచ్చు. రేపు గిరాకీ రాకపోతే డబ్బిచ్చే పాలసీని ఏ కంపెనీ అమ్మదు.

కాంటిలాన్ చెప్పిన కొలత పట్టుకుని మోండా మార్కెట్‌కు వెళ్తే, తెల్లవారకముందే బోయిన్‌పల్లి నుంచి కూరగాయలు దించుకునే ఆడమనిషి ఈ నగరంలో అందరికంటే అసలైన వ్యాపారవేత్త. టమాటా పెట్టె ఎంతకు కొన్నదో ఆమెకు తెలుసు. సాయంత్రానికి ధర ఎంతకు దిగుతుందో, ఎన్ని కాయలు మెత్తబడతాయో తెలియదు. పైగా పెట్టుబడి గిరిగిరి అప్పులిచ్చేవాళ్లది. పదివేలని రాసుకుని, చేతిలో ఎనిమిదిన్నర వేలు పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. ఏడాదికి లెక్కేస్తే ఆ వడ్డీ నూటికి నూరు దాటిపోతుంది. బేరం ఉన్నా లేకున్నా సాయంత్రం ఆ వంద ముందు వెళ్లిపోతుంది, ఇంటికి బియ్యం ఆ తర్వాతే. 2020లో కేంద్రం స్వనిధి పథకం కింద వీధి వ్యాపారులకు 10,000 రూపాయల తొలి అప్పు ఇవ్వడం మొదలుపెట్టింది, 2025లో దాన్ని 15,000 చేసింది. బ్యాంకు అప్పు అంటే ఏమిటో అప్పటిదాకా ఎరగని మనిషికి బ్యాంకు పేరుతో ఒక కాగితం దొరికింది. ఆ పథకాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

సికింద్రాబాద్ పుట్టిందే ఇలాంటి మనుషుల చెమట మీద. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుని హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలసిన దండు ఇది. పాతవాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు, బోనాలకు అందరం అదే అంటాం. దండుకు తిండి, బట్ట, గుర్రాలకు దాణా అందించడానికి మార్వాడీలు, పార్సీలు, మద్రాసు వైపు నుంచి మొదలియార్లు వచ్చి చేరారు. రాంగోపాల్‌పేట అని రోజూ పలుకుతామే, ఆ దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరుతోనే ట్యాంక్‌బండ్ కింద డీబీఆర్ మిల్లు నడిచింది. 1953లో పారడైజ్ టాకీస్ దగ్గర చిన్న కేఫ్‌గా మొదలైన హోటల్ ఇవాళ వేరే రాష్ట్రాల నగరాల్లోనూ బోర్డు పెట్టింది. నిలబడినవాళ్ల పేర్లు పేటలకూ కూడళ్లకూ మిగిలాయి. మూతపడిన దుకాణాల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు, అవే ఎక్కువ.

నా దగ్గర లెక్కలు రాయించుకునే ఒకావిడ స్కూలు యూనిఫారాలు కుట్టిస్తుంది. మార్చిలో జనరల్ బజార్ హోల్‌సేల్ వాళ్ల దగ్గర బట్ట తానులు ఉద్దెరకు ఎత్తుతుంది, రెండు నెలల గడువు. ఏప్రిల్, మే నెలలు కుట్టు పని. కటింగ్ మాస్టర్‌కు నెల జీతం, టైలర్లకు పీసు రేటు. కాజాలు కుట్టి గుండీలు వేసే పని చుట్టుపక్కల ఇళ్లకు పంపిస్తుంది, అది డజను లెక్క. జూన్‌లో బడులు తెరిచే వేళకు సరుకు స్కూళ్లకు చేరుతుంది. తల్లిదండ్రులు కౌంటర్ దగ్గర డబ్బు కట్టి మరీ యూనిఫారం తీసుకెళ్తారు. ఆ డబ్బు ఆమె చేతికి దసరాకు వస్తే తొందరగా వచ్చినట్టు, సంక్రాంతి దాకా ఆగిన ఏళ్లూ ఉన్నాయి. ఫోన్ చేస్తే 'కరస్పాండెంట్ గారు ఊళ్లో లేరమ్మా' అంటారు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు ఆర్డరు ఉండదు.

స్టాకు లెక్క చూడటానికి ఒక మే నెల శనివారం ఆమె కార్ఖానాకు వెళ్లాను. రేకుల షెడ్డు, ఎనిమిది మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్. నేల మీద నేవీ బ్లూ ముక్కలు, గోడకు సైజుల వారీగా అట్ట ప్యాటర్నులు. నాలుగు గంటలకు మిషన్లు ఆగాయి. ఆమె నోటు పుస్తకం తెరిచి ఒక్కొక్కరి పేరు చదువుతూ, కుట్టిన పీసులు గుణించి, డబ్బు లెక్కపెట్టి ఇస్తోంది. ఆ డబ్బు పొద్దున్నే చిట్టీ పాడి తెచ్చింది. అవసరం తనదని అందరికీ తెలుసు కాబట్టి బాగా తగ్గించి పాడాల్సి వచ్చింది. ఒక టైలర్ తన వంతు తీసుకుని కూడా కదలలేదు. కూతురి ఇంటర్ అడ్మిషన్ ఉంది, ఇంకో మూడు వేలు కావాలన్నాడు. ఆమె ఒక్క క్షణం పుస్తకం వైపు చూసి, తన పర్సులోంచి తీసి ఇచ్చింది. నా వైపు తిరిగి, "ఇది అడ్వాన్సు కింద రాయకండి మేడమ్, వచ్చే వారం కోసుకోను. నా ఇంటి ఖర్చులోది" అంది. నేను 'సొంత వాడకం' కిందే రాశాను. ఆ నెల ఆ పద్దులో ఇంకేమీ లేదు.

పేరున్న సదస్సుల్లో ఎవరూ ఈవిడను వ్యాపార దక్షతకు ఉదాహరణగా చూపించరు. నా లెక్క ప్రకారం ఆమె రెండు పనులు చేస్తోంది. ఒకటి యూనిఫారాలు కుట్టించడం, రెండోది స్కూళ్లకు వడ్డీ లేని అప్పు ఇవ్వడం. మొదటిది ఆమె ఇష్టపడి ఎంచుకుంది. రెండోదాన్ని ఆమె నెత్తిన పెట్టారు.

మనిషికి వ్యాపార దక్షత పుట్టుకతో రావాలా, నేర్పితే వస్తుందా అని పరీక్షించిన ఒక ప్రయోగం మన తెలుగు నేల మీదే జరిగింది. దాని గురించి మనవాళ్లు మాట్లాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నాడు. వాళ్లను జట్లుగా హైదరాబాద్‌లోని సియెట్ సంస్థకు రప్పించి శిక్షణ ఇచ్చారు. చిన్న పరిశ్రమల శిక్షణ కోసం 1960లో ఢిల్లీలో మొదలై 1962లో ఇక్కడికి మారిన ఆ సంస్థే ఇవాళ యూసుఫ్‌గూడలో ఉన్న ని-ఎంఎస్‌ఎంఈ. మరీ సులువైన పనికీ పోకుండా, చేతగాని పందెమూ కాయకుండా, కష్టపడితే అందే లక్ష్యం పెట్టుకోవడం ఆ శిక్షణలో ముఖ్యం. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఆయన ఫలితాలను పుస్తకంగా తెచ్చాడు. శిక్షణ పొందినవాళ్లు ఎక్కువ గంటలు పనిచేశారు, కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారు, కొత్తవాళ్లకు పని ఇచ్చారు. మన కులాలూ ఆచారాలూ దీనికి అడ్డుగోడలన్న అప్పటి పండితుల వాదన కాకినాడలో నిలబడలేదు.

అదే పుస్తకంలో నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి. మార్పు బాగా కనిపించింది తమ వ్యాపారంలో నిర్ణయం తమ చేతిలో ఉన్నవాళ్లలోనే. అంటే పట్టుదల నేర్పినంత మాత్రాన చాలదు, దాన్ని వాడుకునే జాగా కూడా మనిషికి ఉండాలి. యూనిఫారాల ఆవిడకు ఒక కొత్త ఆలోచన ఉంది. ఆసుపత్రి సిబ్బందికి దుస్తులు కుట్టాలని, దానికి వేరే మిషన్ కొనాలని చాలాకాలంగా అనుకుంటోంది. మిషన్ ధర, స్కూళ్లు ఆమెకు బాకీ ఉన్న మొత్తంలో సగం కూడా ఉండదు. ఆమెలో సాహసం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ సాహసం ఇంకొకరి బ్యాంకు ఖాతాలో ఇరుక్కుపోయి ఉంది.

పెద్దవాళ్ల కథల్లోనూ నేను వెతికేది ఈ చివరి చోటునే. ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కథ చాలామందికి తెలుసు. నాకు ఇంకా దగ్గరగా తోచేది శాంతా బయోటెక్నిక్స్. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, జీవశాస్త్రం కాదు. జెనీవాలో ఒక సదస్సులో హెపటైటిస్-బి టీకా మాట విని తిరిగొచ్చి, 1993లో తల్లి పేరు మీద సంస్థ పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీలో పరిశోధన సాగింది. బయోటెక్ అన్న మాటే మన బ్యాంకులకు కొత్త అయిన రోజులవి. కుటుంబం ఆస్తులు అమ్ముకుంది. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి బజారులోకి వచ్చింది, దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా అదే. దిగుమతి టీకా ధరలో అది చిన్న వంతు.

టీకా గొప్పదనం అందరూ చెబుతారు. లెక్కలు రాసే మనిషిగా నా కన్ను 1993కూ 1997కూ మధ్య ఉన్న సంవత్సరాల మీద నిలుస్తుంది. ఆ కాలమంతా అమ్మకాల పద్దులో టీకా లేదు. జీతాల పద్దు మాత్రం ప్రతి నెలా ఉండి తీరాలి. శాస్త్రవేత్తకు ఫలితం వచ్చినా రాకపోయినా ఒకటో తారీఖు జీతం రావాలి, అప్పుడే అతను భయం లేకుండా ప్రయోగం చేస్తాడు. ఆ భయాన్ని తన మీద వేసుకున్నవాడే యజమాని.

ఇప్పటి స్టార్టప్ కుర్రవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2015లో టీ-హబ్ తెరిచినప్పుడు సంతోషించాను, నా దగ్గరకొచ్చేవాళ్ల పిల్లలు ఇద్దరు ముగ్గురు అటు వెళ్లారు. మదుపుదారు డబ్బుతో నడిచే కంపెనీలో వ్యవస్థాపకుడు కూడా నెల జీతం తీసుకుంటాడు. అది తప్పు కాదు, ఆ ఒప్పందం అందరికీ తెలిసి జరిగింది. ఆ డబ్బు పోగొట్టుకోవడానికి సిద్ధపడే వచ్చిన మదుపుదారుకు ఆ చివరి చోటు కొంత వెళ్తుంది. నాకు నచ్చనిదల్లా, పత్రికలూ ప్రభుత్వాలూ వీళ్లను మాత్రమే వ్యాపారవేత్తలని పిలిచి, మోండా మార్కెట్‌నూ రాణిగంజ్‌నూ 'చిల్లర వ్యాపారం' అనడం.

ఈ కొలత యజమానులకు అనుకూలంగానే పనిచేస్తుందని ఎవరైనా అనుకుంటే, భోలక్‌పూర్ గుర్తుచేసుకోవాలి. 2022 మార్చి 23 తెల్లవారుజామున అక్కడి తుక్కు గోదాములో మంటలు లేచి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. మరుసటి ఏడు మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు ఉద్యోగులు పొగకు ఊపిరాడక పోయారు, అందరూ పాతికేళ్ల లోపు పిల్లలు. స్వప్నలోక్ నాకు రోజూ కనిపించే భవనం. ఎవరి మీద ఏ కేసు ఎంతవరకు వచ్చిందన్నది కోర్టుల పని. నేను అనేది ఇంతే. మెట్ల దారిలో సరుకు పెట్టి, నిప్పు ఆర్పే ఏర్పాటుకు డబ్బు దండగ అనుకునే ప్రతి యజమానీ తన నెత్తిన ఉండాల్సిన ఆపదను పన్నెండు వేల జీతగాడి నెత్తికి మార్చేస్తున్నాడు. లాభం వచ్చినా సరే, అలాంటివాణ్ణి నేను వ్యాపారవేత్త అని పిలవను.

పెద్ద కొనుగోలుదారులు చేసేదీ, ప్రాణాల వరకు పోకపోయినా, ఇదే కోవలోది. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థ దగ్గర సరుకు తీసుకుంటే, ఎలాంటి ఒప్పందం రాసుకున్నా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. చట్టం చాలా గట్టిది, దాన్ని అడిగి తీసుకున్నవాళ్లను మాత్రం నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఫిర్యాదు చేస్తే డబ్బు వస్తుందేమో, పార్టీ పోతుంది. అందుకే 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన, అందరం 43బీ(హెచ్) అని పిలిచేది, నాకు మంచిదనిపించింది. గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా చిన్న సంస్థకు డబ్బు కట్టకపోతే ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు. ఎవరూ ఫిర్యాదు చేయాల్సిన పని లేదు, ఆలస్యం చేసినవాడి పన్ను తనంతట తానే పెరుగుతుంది.

ఆ నిబంధన అమల్లోకి రావడానికి ముందు మార్చి నెలలో, బాలానగర్‌లో పంపు షాఫ్టులు, బుష్‌లు తయారుచేసే ఒక పెద్దాయన మా మెట్లెక్కి వచ్చారు. ఆయన దగ్గర సరుకు తీసుకునే ఒక పెద్ద కంపెనీ కొనుగోళ్ల విభాగం నుంచి ఫోన్ వచ్చిందట. చిన్న సంస్థగా చేసుకున్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకుంటే ఆర్డర్లు కొనసాగుతాయి, లేదంటే వేరేవాళ్లను చూసుకుంటాం అన్నారట. "ఏం చేయమంటారమ్మా? ఆరుగురు పిల్లలు పనిచేస్తున్నారు నా దగ్గర" అన్నారు. నాకు తెలిసిన చట్టమంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, రద్దు కాగితాలు తయారుచేయమన్నారు. తన కోసం పుట్టిన చట్టాన్ని, ఆరుగురి జీతాల కోసం ఆయనే వదులుకున్నారు.

రాణిగంజ్ పరిస్థితి ఇంకా అన్యాయం. 2021లో టోకు, చిల్లర వర్తకులకూ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చారు కానీ, బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం వరకే. 45 రోజుల రక్షణ వాళ్లకు లేదు. ఒక వాల్వును తయారుచేసినవాడికి చట్టం ఉంది, అదే వాల్వును తన డబ్బుతో కొని, షెల్ఫులో పెట్టుకుని, ఫ్యాక్టరీకి ఉద్దెర ఇచ్చినవాడికి లేదు. వాళ్లిద్దరి నష్టభయంలో తేడా నాకు ఏ పద్దులోనూ కనిపించలేదు. ఈ తేడా తీసేయాలి.

కంపెనీలు చిన్న సంస్థలకు 45 రోజులు దాటి ఎంత బాకీ ఉన్నాయో ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 30కీ అక్టోబర్ 31కీ, ఎంఎస్‌ఎంఈ-1 ఫారంలో కేంద్రానికి చెప్పాలి. ఆ వివరాలను కంపెనీ పేరుతో సహా, ఎవరైనా డబ్బు కట్టకుండా వెతుక్కునేలా పెట్టాలి. అప్పుడు రాణిగంజ్ దుకాణదారు ఉద్దెర ఇచ్చే ముందే ఎవరు ఎలాంటివారో చూసుకుంటాడు. ప్రభుత్వ శాఖలకు ఈ ఫారం లేదు, లాభం మీద పన్ను కట్టవు కాబట్టి 43బీ(హెచ్) భయమూ లేదు. పెండింగ్ బిల్లుల కోసం మాజీ సర్పంచులు ధర్నాలు చేశారు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు బంద్ చేశాయి. పార్టీ ఏదైనా, ఏ ప్రభుత్వమైనా, బిల్లు తేదీ, మొత్తం, ఏ బల్ల దగ్గర ఎందుకు ఆగిందీ ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించాలి. ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పనిని తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాలకు అప్పగించింది, చాలా మంచి పని చేసింది. వచ్చే వేసవిలో బట్ట వాళ్లకు అందించే రోజునే, కుట్టు కూలి ఏ తేదీకి ఎవరి ఖాతాలో పడుతుందో కూడా రాసి ఇవ్వాలి.